గెలిపించిన ప్రశ్న, ఓడించిన ప్రశ్న: జీవన్‌రెడ్డి ఎన్నికల లెక్క

జగిత్యాల రాజకీయాల గురించి నలుగురు కూడి మాట్లాడితే తాటిపర్తి జీవన్‌రెడ్డి పేరు రాకుండా ఆ ముచ్చట ముగియదు. 1981లో మల్యాల పంచాయతీ సమితి అధ్యక్షుడిగా మొదలైన ఆయన ప్రయాణం, 2025 మార్చిలో శాసనమండలి సభ్యత్వ కాలం ముగిసే నాటికి నలభై నాలుగేండ్లు నిండింది. ఆరుసార్లు ఎమ్మెల్యే, మంత్రి, ఒకసారి పట్టభద్రుల ఎమ్మెల్సీ. అదే జగిత్యాలలో ఓటములు కూడా తక్కువేం కావు.

అభిమానులు ఆయన గెలుపులు లెక్కబెడతారు. ప్రత్యర్థులు ఓటములు లెక్కబెడతారు. ఉద్యమ కార్యకర్తలుగా మేము ఇంకో లెక్క తీయదలచుకున్నాం. ప్రతి ఎన్నికలో జనం ముందున్న ప్రశ్న ఏమిటి? ఆ ప్రశ్నకు ఆయన ఏ పక్కన నిలబడ్డారు? ఈ లెక్క తీస్తే తేలేది ఒక్క జీవన్‌రెడ్డి జాతకం కాదు. ఓటు ఎవరి సొత్తు అనే సంగతి తేలుతుంది.

మల్యాల నేర్పిన పాఠం

1981 నాటి మల్యాలను గుర్తు చేసుకుందాం. అంతకు మూడేండ్ల కిందనే, 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టి చెయ్యమని, దొరల గడీల ముందు చెప్పులు విప్పి నడవమని ఊర్లకు ఊర్లు కదిలి వచ్చిన రోజది. ఆ వెంటనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊర్లల్లో పోలీసు క్యాంపులు దిగినయి. అటువంటి కాలంలో లా చదువుకున్న ఒక యువకుడు సమితి అధ్యక్షుడు కావడం మామూలు విషయం కాదు.

సమితి అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. 1986 తర్వాత మండలాలు వచ్చే దాకా ఊరి బడి, బాట, తాగునీటి బావి, ఇవన్నీ సమితి చేతుల్లోనే ఉండేవి. సమితి అధ్యక్షుడికి ప్రతి ఊరు తెలియాలి, ప్రతి ఊరికి ఆయన తెలియాలి. జీవన్‌రెడ్డి మీద ఎన్ని విమర్శలున్నా, దరఖాస్తు పట్టుకొని పోతే చదివి మాట్లాడే మనిషి అన్న పేరు ఆయనకు మిగిలింది. ఆ పేరుకు పునాది మల్యాలలోనే పడిందని మా అభిప్రాయం. 2009 నియోజకవర్గాల పునర్విభజన తర్వాత మల్యాల మండలం చొప్పదండి నియోజకవర్గంలో ఉంది. ఆయనకు రాజకీయ ఓనమాలు దిద్దించిన గడ్డకు ఇయ్యాల ఆయన పోటీ చేసే జగిత్యాలలో ఓటు లేదు.

గాలి తెచ్చిన గెలుపు, గాలి తెచ్చిన ఓటమి

1983లో ఎన్టీఆర్ గాలిలో తెలుగుదేశం అభ్యర్థిగా జగిత్యాల నుంచి శాసనసభకు పోయారు. అప్పటి ప్రశ్న ఢిల్లీ పెత్తనం. ఆ ప్రశ్నకు జవాబుగా జనం సైకిల్‌కు ఓటేశారు. రెండేండ్లు గడవకముందే, 1984 ఆగస్టు సంక్షోభం నడిచిన తర్వాత, ఆయన కాంగ్రెస్ పక్కన తేలారు. పార్టీ ఫిరాయింపుల చట్టం వచ్చింది 1985లో. కాబట్టి చట్టం ప్రకారం అప్పుడు తప్పు లేదు. కానీ జనం చట్టం వేరే ఉంటుంది. 1985 ఎన్నికల్లో జగిత్యాల మళ్లీ తెలుగుదేశానికే ఓటేసి గొడిసెల రాజేశంగౌడ్‌ను గెలిపించింది.

1989లో కాంగ్రెస్ గాలి వీచింది, ఆయన గెలిచారు. 1994లో మళ్లీ ఎన్టీఆర్ ప్రభంజనం, ఎల్.రమణ చేతిలో ఓడారు. 1996లో రమణ కరీంనగర్ ఎంపీగా పోయారు. ఖాళీ అయిన స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో జీవన్‌రెడ్డి మళ్లీ గెలిచారు. 1999లో రాష్ట్రంలో చంద్రబాబు ప్రభుత్వమే తిరిగి వచ్చినా జగిత్యాల మాత్రం ఆయననే ఎంచుకుంది. ఇది మనిషిని చూసి వేసిన ఓటు. ఈ మాట ఒప్పుకోవడానికి మాకు ఇబ్బంది లేదు.

2004, 2009: కూటములు చెప్పిన నిజం

2004 నాటికి తెలంగాణ ప్రశ్న ఎన్నికల్లోకి వచ్చింది. 2001లో పుట్టిన టీఆర్‌ఎస్ 2004లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుంది. జగిత్యాలలో కాంగ్రెస్ అభ్యర్థి జీవన్‌రెడ్డి గెలిచారు. 2009లో టీఆర్‌ఎస్ పొత్తు తెలుగుదేశంతో. జగిత్యాలలో తెలుగుదేశం అభ్యర్థి రమణ గెలిచారు, జీవన్‌రెడ్డి ఓడారు. అభ్యర్థుల పేర్లు, పార్టీల పేర్లు పక్కన పెట్టి చూడండి. రెండుసార్లూ తెలంగాణ జెండా ఏ పక్కన ఉన్నదో గెలుపు ఆ పక్కనే ఉన్నది. గెలిచిన వాళ్లు అది తమ ప్రతాపం అనుకున్నారు. ఆ అనుకోవడమే నాయకుల పాత రోగం.

2006: రెండు లక్షల జవాబు

ఈ రెండు ఎన్నికల నడుమ జరిగిందే అసలు కథ. 2004లో ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ మాట పెట్టిన కాంగ్రెస్, సంప్రదింపులు, ఏకాభిప్రాయం అంటూ రెండేండ్లు కాలం గడిపింది. ప్రణబ్ ముఖర్జీ కమిటీ పేరు విని విని చెవులు తూట్లు పడ్డయి. దమ్ముంటే రాజీనామా చేసి మళ్లీ గెలువమని కాంగ్రెస్ నేత ఎం.సత్యనారాయణరావు సవాలు విసిరారు. కేసీఆర్ కరీంనగర్ లోక్‌సభ స్థానానికి రాజీనామా చేశారు. 2006 డిసెంబర్‌లో ఉప ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ తన చేతిలో ఉన్న గట్టి అభ్యర్థిని వెతికి జీవన్‌రెడ్డిని నిలబెట్టింది.

అప్పుడు మేము డిగ్రీ చదువుతున్నం. అధికార పార్టీ బలగమంతా కరీంనగర్‌లో దిగింది. హామీల వాన కురిసింది. ఫలితం వచ్చిన రోజు కేసీఆర్ ఆధిక్యం 2,01,582. జీవన్‌రెడ్డికి వచ్చినవి లక్షా 76 వేల చిల్లర ఓట్లు. తెలుగుదేశం నుంచి నిలబడ్డ రమణ మూడో స్థానంలో ఆగిపోయారు. జగిత్యాలలో ఏండ్ల తరబడి ఒకరి మీద ఒకరు పోటీ పడ్డ ఇద్దరినీ ఒకేసారి పక్కకు జరిపి జనం తెలంగాణకు ఓటేశారు.

ఇక్కడ మేము ఒక మాట స్పష్టంగా చెప్పదలచుకున్నాం. జీవన్‌రెడ్డి తెలంగాణ వ్యతిరేకి అని మేము అనడం లేదు. ఆ ఎన్నికలో ఆయన నిలబడ్డ పక్షం మాత్రం మాట తప్పిన పక్షం. మంచి మనిషిని ముందు పెట్టి తప్పిన మాటను దాచుకోవాలని చూసింది కాంగ్రెస్ అధిష్ఠానం. మనిషి మంచితనం వేరు, ఆయన మోస్తున్న జెండా వేరు అని కరీంనగర్ ఓటరు తేల్చి చెప్పాడు. ఆ తర్వాత వైఎస్ మంత్రివర్గంలో ఆయనకు రోడ్లు, భవనాల శాఖ దక్కింది. మంత్రి పదవి ఆయనకు వచ్చింది కానీ, జనం అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు.

2008: మాకూ ఒక చురక

ఉద్యమకారులు 2006 గురించి గొప్పగా చెప్పుకుంటారు, 2008 గురించి గొంతు తగ్గిస్తారు. మేము ఆ పని చెయ్యం. 2008లో టీఆర్‌ఎస్ ఎంపీలు, ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. మే నెలలో ఉప ఎన్నికలు జరిగినయి. కరీంనగర్‌లో మళ్లీ కేసీఆర్ మీద జీవన్‌రెడ్డే. రెండు లక్షలు దాటిన ఆధిక్యం 15,765కు పడిపోయింది. 16 అసెంబ్లీ స్థానాల్లో టీఆర్‌ఎస్ 7, 4 లోక్‌సభ స్థానాల్లో 2 మాత్రమే నిలబెట్టుకుంది.

ఏడాదిన్నరలో జనం తెలంగాణను వద్దనుకున్నారా? కాదు. రాజీనామా అనే ఆయుధాన్ని తమను అడగకుండా వాడితే తమకు నచ్చదని చెప్పారు. అది జీవన్‌రెడ్డికి దక్కిన గౌరవం కొంత, ఉద్యమ నాయకత్వానికి పెట్టిన వాత కొంత. అట్లని ఆయుధాన్నే పారేయమని చెప్పలేదు. 2009 డిసెంబర్ 9 ప్రకటన వచ్చి, 23న వెనక్కి పోయిన తర్వాత, 2010 జూలైలో జరిగిన ఉప ఎన్నికలు చూడండి. 2009లో సిరిసిల్లలో 171 ఓట్లతో గట్టెక్కిన కేటీఆర్‌కు 68 వేలకు పైగా ఆధిక్యం వచ్చింది. పొరుగున కోరుట్ల, ధర్మపురి, వేములవాడ అన్నీ ఒకే మాట మీద నిలబడ్డయి. జగిత్యాలలో రాజీనామా లేదు కాబట్టి ఉప ఎన్నిక రాలేదు. ఆ మాట చెప్పే అవకాశం జగిత్యాల ఓటరుకు దక్కలేదు.

రాష్ట్రం వచ్చింది, ప్రశ్న మారింది

2014లో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని 13 స్థానాల్లో 12 టీఆర్‌ఎస్ గెలిచింది. మిగిలిన ఒక్కటి జగిత్యాల. అక్కడ గెలిచింది జీవన్‌రెడ్డి. కేసీఆర్ చేతిలో రెండుసార్లు ఓడిన మనిషిని, కేసీఆర్ ముఖ్యమంత్రి అయిన ఎన్నికలోనే జగిత్యాల గెలిపించింది. తెలంగాణ వచ్చేసింది కాబట్టి, ఆ ప్రశ్న తీరింది కాబట్టి, ఇక సభలో అడిగే మనిషి కావాలని జనం అనుకున్నరని మేము అర్థం చేసుకున్నాం. 2015 డిసెంబర్‌లో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరుకు రైతు, ఫ్యాక్టరీ కార్మికుడు రోడ్డున పడితే, ఆ గొంతును సభలో, బయట వినిపించిన వాళ్లలో ఆయన ఒకరు.

2018 డిసెంబర్‌లో మళ్లీ గాలి వీచింది. డాక్టర్ సంజయ్ కుమార్ చేతిలో 61 వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు. ఆయన రాజకీయ జీవితం ముగిసిందన్నరు. నాలుగు నెలలు తిరగకముందే, 2019 మార్చిలో, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, మెదక్ పట్టభద్రుల స్థానంలో 39 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు.

ఈ గెలుపు మన పాఠకులకు బాగా తెలిసిన గెలుపు. ఎందుకంటే గెలిపించింది మనమే. 2011లో 42 రోజులు సకలజనుల సమ్మె చేసిన ఉద్యోగులు, టీచర్లు, లాఠీలు తిన్న విద్యార్థులు పట్టభద్రుల ఓటర్లు. నియామకాలేవి? పీఆర్‌సీ ఏది? పాత పెన్షన్ ఎప్పుడు? ఇవీ అప్పటి ప్రశ్నలు. అధికార పక్షాన్ని అడగడానికి మండలికి ఒక మనిషి కావాలి. 2006లో తెలంగాణ ప్రశ్న జీవన్‌రెడ్డిని ఓడించింది. 2019లో తెలంగాణ తెచ్చుకున్నోళ్ల ప్రశ్న అదే జీవన్‌రెడ్డిని గెలిపించింది. ఇందులో తికమక ఏమీ లేదు. ఓటరు మారలేదు, ఆయన నిలబడ్డ చోటు మారింది.

ఓటు విలువ ఎంత?

2023లో రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది. జగిత్యాలలో మాత్రం జీవన్‌రెడ్డి మళ్లీ సంజయ్ కుమార్ చేతిలోనే, 15 వేలకు పైగా ఓట్లతో ఓడారు. 2024లో నిజామాబాద్ లోక్‌సభకు నిలబడి ధర్మపురి అర్వింద్ చేతిలో 1,09,241 ఓట్ల తేడాతో ఓడారు. ఓటమిని ప్రజాస్వామ్యంలో భరించవచ్చు. ఆ తర్వాత జరిగింది భరించరానిది. 2024 జూన్‌లో, బీఆర్‌ఎస్ గుర్తు మీద గెలిచిన సంజయ్ కుమార్ ముఖ్యమంత్రి సమక్షంలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. తనకు మాట మాత్రం చెప్పలేదని జీవన్‌రెడ్డి బాహాటంగా బాధపడ్డారు. ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేస్తానన్నారు. అధిష్ఠానం బుజ్జగించింది.

జీవన్‌రెడ్డికి జరిగిన అవమానం ఆయన పార్టీ ఇంటి పంచాయితీ. మేము అడిగేది జగిత్యాల ఓటరుకు జరిగిన అవమానం గురించి. కాంగ్రెస్ వద్దని ఓటేసినోడి ఓటు కాంగ్రెస్‌లో తేలింది. కాంగ్రెస్ కావాలని ఓటేసినోడు ఎవరి మీద కొట్లాడిండో ఆయన్నే తన నాయకుడని ఒప్పుకోవాలి. ఇద్దరి ఓటూ దండుగ చేసినట్టే కదా?

ఇందులో ఎవరి చేతులూ శుభ్రంగా లేవు. 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలలో 12 మందిని 2019 జూన్‌లో విలీనం పేరుతో కలుపుకున్నది ఉద్యమ పార్టీయే. అప్పుడు చప్పట్లు కొట్టినోళ్లకు 2024లో ఏడ్చే హక్కు సగమే ఉంటుంది. 1983లో సైకిల్ మీద గెలిచి, రాజీనామా ఊసు లేకుండానే కాంగ్రెస్ బాట పట్టిన జీవన్‌రెడ్డి కూడా ఈ అద్దంలో తన మొహం చూసుకోవాలె. నలభై ఏండ్ల కింద తాను దాటిన గీతనే ఇప్పుడు ఇంకొకరు దాటితే నొప్పి తెలిసింది.

తెలంగాణ ఉద్యమం దేశానికి చూపిన ఒక మంచి సంప్రదాయం ఉంది. మాట మారితే, దారి మారితే, రాజీనామా చేసి జనం దగ్గరికి పో. 2006లో కరీంనగర్ చూపింది అదే. 2010లో సిరిసిల్ల, కోరుట్ల చూపింది అదే. 2008లో జనం దానికి హద్దు కూడా గీశారు. స్వార్థానికి వాడితే గెలిచినా చురక పెడతామన్నారు. స్వరాష్ట్రం వచ్చినంక ఆ సంప్రదాయాన్ని అటకెక్కించింది అన్ని పార్టీలూ కలిసే. కండువా మార్చుకోవడానికి ఒక్క నిమిషం చాలు, రాజీనామా లేఖ రాయడానికి మాత్రం చెయ్యి రాదు.

విద్యార్థులకు, ఉద్యోగులకు మా విజ్ఞప్తి ఒక్కటే. రేపు ఏ నాయకుడు ఓటు అడగడానికి వచ్చినా, ఆయన ఎన్నిసార్లు గెలిచిండని అడగకండి. పార్టీ మారితే రాజీనామా చేస్తవా అని అడగండి. నలుగురి ముందు, మల్యాల చౌరస్తాలో నిలబెట్టి అడగండి. జీవన్‌రెడ్డి నలభై నాలుగేండ్ల లెక్క తీస్తే మాకు తేలింది ఇదే: జనం ఆయనకు ఓటు అప్పుగా ఇచ్చిన్రు, అవసరమైనప్పుడు తిరిగి తీసుకున్నరు. ఆ అప్పును తన సొంత ఆస్తిగా రాసుకునే హక్కు ఆయనకే కాదు, ఏ పార్టీ నాయకుడికీ లేదు.