నిలకడగల కయాక్ ఏది?

బరంపురం చందాదారు ఒకరు మాకు ఉత్తరం వ్రాశారు. సెలవుల్లో రంభ వెళ్లి, చిల్కాలో ఒడ్డువెంబడి కయాక్ నడపాలని వారి కోరిక. ఈత వచ్చునట, తెడ్డు మాత్రం ఎన్నడూ పట్టలేదట. పోనుపోను ఏడేళ్ల కుర్రవాణ్ణి కూడా ఎక్కించుకోవాలని ఉందట. “బోల్తాపడని కయాక్ పేరు చెప్పండి, అదే కొంటాను” అన్నారు. అటువంటి కయాక్ లేదు. సులువుగా బోల్తాపడనివి మాత్రం ఉన్నాయి. ఒక పేరు చెప్పి ఊరుకోవడంకంటె, వాటిని గుర్తుపట్టడం ఎట్లాగో చెప్పడం మేలని మాకు తోచింది.

కయాక్ పుట్టింది వినోదానికి కాదు. ఉత్తరధ్రువం చేరువ మంచుదేశాల ఇన్యూట్ జనం వేటకోసం చేసుకున్న పడవ అది. నీళ్లలో కొట్టుకువచ్చిన కర్రలతోనూ ఎముకలతోనూ చట్రం కట్టి, పైన సీలు చర్మం బిగించేవారు. గ్రీన్లాండు పడవల వెడల్పు రెండడుగులైనా ఉండదు. దర్జీ చొక్కా కొలిచినట్టు వేటగాడి ఒంటికి కొలిచి చేసేవారు. బోల్తాపడితే అతడు పడవలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే తెడ్డు విసురుతో మళ్లీ పైకి లేచేవాడు. మనకు ఆ విద్య లేదు గనక ఆ వెడల్పూ మనకు పనికిరాదు.

కొత్తవారికి 28 నుంచి 32 అంగుళాల వెడల్పు కావాలి. పైన కూర్చునే రకమైతే 34 దాకా ఉండవచ్చు. అంతకు మించి ఆశిస్తే, జమకన్న ఖర్చే ఎక్కువవుతుంది. హంపిలో తుంగభద్రమీద పుట్టి ఎక్కినవారికి ఈ సంగతి బోధపడుతుంది. పుట్టి సామాన్యంగా ఒరగదు; కాని గుండ్రటి వస్తువు గనక, తిన్నగా పొమ్మంటే గిర్రున తిరుగుతుంది. కయాక్ కూడా పొట్టిగా, వెడల్పుగా ఉన్నకొద్దీ తెడ్డు వేసిన ప్రతిసారీ ముక్కు అటూ ఇటూ తిప్పుతుంది. ఎనిమిదడుగుల పడవ చవకగా వస్తుంది, మోయడమూ తేలిక. కాని గంటసేపు నడిపితే భుజాలు పడిపోతాయి. 10 నుంచి 12 అడుగుల పొడవు చూసుకోవడం మంచిది.

వెడల్పు కంటె చిక్కైన విషయం అడుగుభాగం ఆకారం. దుకాణంలో “చాలా స్టేబుల్ అండి” అని చూపించేవాటిలో చాలావాటికి అడుగు బల్లపరుపుగా ఉంటుంది. కదలని నీటిలో కూర్చుంటే పీటమీద కూర్చున్నట్టే ఉంటుంది, భయం పోతుంది. అయితే పీట నేలను అంటిపెట్టుకుని ఉంటుంది గదా! నేల ఒరిగితే పీటా ఒరుగుతుంది. పక్కనుంచి అల వచ్చినప్పుడు బల్లపరుపు పడవ ఆ అల వాలునే పట్టుకుని తానూ వాలుతుంది. కొంచెం గుండ్రని అడుగు ఉన్న పడవ ఎక్కగానే ఊగిసలాడుతుంది, గుండె దడ పుట్టిస్తుంది. కాని కొంతదూరం ఒరిగాక అక్కడ ఆగుతుంది, అలలో మనిషిని నిటారుగా ఉండనిస్తుంది. మొదటి నిలకడ వేరు, ఒరిగాక తెలిసే నిలకడ వేరు అన్నమాట. ఒడ్డున కదలని నీటిలో నేర్చుకునేవారికి మొదటిదే ముఖ్యం గనక, బల్లపరుపుకు దగ్గరగా ఉన్నదే కొనమంటాము. ఆ సుఖాన్ని నమ్మి గాలి లేచాక చిల్కా లోపలికి పోరాదు. అందులోనూ ఒడ్డునుంచి లోపలికి వీచే గాలి మరీ మోసకారి. పోయేటప్పుడు తెడ్డు తేలిగ్గా పడుతుంది, తిరిగివచ్చేటప్పుడు ప్రాణం తీస్తుంది.

పైన కూర్చునే రకమా, లోపల కాళ్లు చాపుకునే రకమా అని కూడా అడిగారు. లోపలి రకంలో ఆసనం నీటికి దగ్గరగా ఉంటుంది. బరువు ఎంత కిందికి ఉంటే నిలకడ అంత. కాని తిరగబడితే పడవ నిండా నీళ్లే. ముందూ వెనకా గాలి నిలిచే గదులుగానీ గాలి సంచులుగానీ లేకపోతే దాన్ని తోడి మళ్లీ ఎక్కడం కొత్తవారి తరం కాదు. పైన కూర్చునేది మన జాలరుల తెప్ప వాటం. ఎక్కిన నీళ్లు కంతలగుండా కిందికి పోతాయి; తిరగబడితే తిప్పి, బోర్లా పాకి ఎక్కవచ్చు. బట్టలు తడుస్తాయి, నిజమే. మన దేశపు నీళ్లకు అదొక లెక్కా? మా ఓటు దీనికే.

ఇక బరువు. పడవ 120 కిలోలు మోస్తుందని అచ్చువేస్తే అది అంచు మునగకుండా మోసే లెక్క, హాయిగా నడిచే లెక్క కాదు. మూడింట రెండువంతులు, అంటే 80 కిలోలు దాటకుండా చూసుకోవాలి. మనిషి, నీళ్ల సీసా, అన్నం కారియరు అన్నీ అందులోనే. కుర్రవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుందామన్న ఆలోచన మానుకోవాలి. తెడ్డు ఆడదు, పైగా బరువు పైకి చేరుతుంది. మధ్యలో పిల్లవాడికి చోటున్న ఇద్దరి పడవలు దొరుకుతాయి. వాడికి వాడి కొలత లైఫ్ జాకెట్ విడిగా కొనాలి. తొడిగి భుజాలదగ్గర పైకి లాగితే చెవులదాకా రాకూడదు.

పాత పడవ చవకగా వస్తే తప్పులేదు. ప్లాస్టిక్ ఎండకు చాలాకాలం పడి ఉంటే పెళుసవుతుంది. నీరు పోయే కంతల చుట్టూ వేలుపెట్టి తడిమి చూడాలి, పగుళ్లు సామాన్యంగా అక్కడే వస్తాయి.

కొనేముందు నడుముదాకా నీళ్లున్నచోట ఆ పడవ ఎక్కి చూడమని మా సలహా. అంచులు పట్టుకుని బిగుసుకుపోవద్దు. నడుము వదులుగా ఉంచి, చూపు దూరంగా పెట్టి, తెడ్డు నీటిలో ఉంచాలి. తర్వాత కావాలనే పడవను తిరగవెయ్యాలి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అయిదారుసార్లు మళ్లీ ఎక్కగలిగితే ఆ పడవ మీకు నప్పినట్టే. అందుకు ఒప్పుకోని దుకాణదారు దగ్గర కొనకపోయినా నష్టం లేదు.