మొత్తం బాడీ మీదే పెట్టేయకండి: పల్నాడు ఎండలో, దుమ్ములో కెమెరా కొనేవాళ్లకి కొన్ని మాటలు

ముహూర్తాల సీజన్ దగ్గర పడుతుంటే నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు కుర్రాళ్ల దగ్గర నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, లక్ష రూపాయలు ఉన్నాయి, ఏ కెమెరా తీసుకోమంటావ్?" ప్రశ్నలోనే తేడా ఉందని నా అభిప్రాయం. లక్ష ఉంటే లక్షకి కెమెరా కొనకూడదు. అందులో సగం లోపే బాడీకి పెట్టాలి. మిగతా సగం లెన్స్‌కి, ఫ్లాష్‌కి, కార్డులకి, బ్యాటరీలకి, దాచుకునే డబ్బాకి పోవాలి.

ఇది పిసినారితనం కాదు. ఇక్కడ కెమెరా కొనేవాళ్లలో చాలామందికి అది సరదా వస్తువు కాదు, బతుకుతెరువు. ఈఎంఐ మీద కొంటారు, పెళ్లిళ్లు తీసి కడతారు. పెళ్లి రెండోసారి జరగదు. జీలకర్ర బెల్లం ఫొటో పోతే "మళ్లీ ఒకసారి పెట్టండి" అని అడగలేం. కాబట్టి స్పెక్ షీట్‌లో ఏం రాశారన్నది తర్వాత సంగతి. ఆ రోజు పని జరుగుతుందా, తీసినవి ఇంటిదాకా భద్రంగా చేరతాయా అన్నది ముందు చూడాలి.

మెగాపిక్సెల్ లెక్క ఒకసారి వేసి చూద్దాం

మన పెళ్లి ఆల్బమ్‌లో ఒక పేజీ మామూలుగా 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ చేస్తే 3600×5400 పిక్సెళ్లు కావాలి, అంటే సుమారు 19.4 మెగాపిక్సెళ్లు. 2018లో వచ్చిన కేనన్ 1500డి లాంటి ఎంట్రీ లెవెల్ కెమెరాలోనే 24.1 మెగాపిక్సెళ్లు ఉన్నాయి. పేజీ మొత్తం ఒకే ఫొటో వేసినా సరిపోతుంది. ఆ పైన ఎక్కువ మెగాపిక్సెళ్ల కోసం పెట్టే డబ్బు మీ ఆల్బమ్‌లో ఎక్కడా కనపడదు. పెద్ద ఫైళ్లుగా మీ హార్డ్ డిస్క్‌లో మాత్రం కనపడుతుంది.

కనపడేది వెలుతురు. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌ని జూమ్ చేస్తే అపెర్చర్ ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ దానికంటే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి తీసుకుంటుంది. రాత్రి రెండు గంటల ముహూర్తం, షామియానా కింద పసుపు పచ్చ లైట్లు. అక్కడ ఆ పది రెట్లే మీ ఫొటోని కాపాడేది. ఈ లెన్స్ కొత్తది పదివేల చుట్టుపక్కల దొరుకుతుంది. బాడీ మార్చి ఇంత తేడా తెచ్చుకోవాలంటే ఎంత పెట్టాలో మీరే చూసుకోండి.

అయితే 50 ఎంఎం అన్నిటికీ పనికిరాదు. కేనన్ క్రాప్ సెన్సర్ మీద అది 80 ఎంఎంలా పనిచేస్తుంది. ముఖాలకి బాగుంటుంది, ఇరుకు ఇంట్లో పెళ్లికొడుకుని చేసేటప్పుడు వెనక్కి జరగడానికి చోటు దొరకదు. కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభని కింద నుంచి పై దాకా పట్టాలంటే 18 ఎంఎం వైపే వెళ్లాలి. అందుకే కిట్ లెన్స్‌ని అమ్మేయకండి, పక్కన ఉంచుకోండి. ఎత్తిపోతల దగ్గర వ్యూ పాయింట్ జలపాతానికి దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడ 55-250 లాంటి జూమ్ పని చేస్తుంది.

కొత్త మోడల్ ఎప్పుడూ మంచిది కాదు

ఒక ఉదాహరణ చెప్తా. నికాన్ డి7200 2015లో వచ్చింది. అందులో రెండు మెమరీ కార్డు స్లాట్లు ఉన్నాయి. దాని తర్వాత 2017లో డి7500 వచ్చింది. చాలా విషయాల్లో మెరుగే, కానీ కార్డు స్లాట్ ఒక్కటే. ఊర్లు తిరిగి సరదాకి తీసేవాళ్లకి అదేం పెద్ద విషయం కాదు. పెళ్లి తీసేవాళ్లకి మాత్రం అదే అసలు విషయం.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లం సర్వర్ పెట్టేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఇదే: ఏ ఒక్క భాగం పోతే మొత్తం ఆగిపోతుంది? ఒకే కార్డు ఉన్న కెమెరాలో ఆ భాగం ఏదో తెలిసిపోయింది. రెండు స్లాట్లు ఉంటే, ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడేలా సెట్ చేసుకుంటే, ఒకటి చచ్చినా పెళ్లి మిగులుతుంది. నికాన్ డి750, సోనీ ఏ7 3, కేనన్ ఆర్7 ఇవన్నీ రెండు స్లాట్ల కెమెరాలు. సోనీ ఏ6400, కేనన్ ఆర్50, ఆర్10 లాంటివి ఒక్క స్లాట్‌వి. పెళ్లిళ్లకే కొంటున్నారా, అయితే మెగాపిక్సెల్ కంటే ముందు ఈ స్లాట్లు లెక్కపెట్టండి.

డీఎస్ఎల్ఆర్ కాలం అయిపోయింది కదా అంటారు. నిజమే, కొత్త డీఎస్ఎల్ఆర్ బాడీలు రావడం దాదాపు ఆగిపోయింది. వీడియో ఎక్కువ తీస్తారనుకుంటే మిర్రర్‌లెస్సే తీసుకోండి. కంటి మీద ఫోకస్ వదలకుండా పట్టుకోవడంలో వాటికి సాటి లేదు. కానీ ఫొటోలే ప్రధానం, డబ్బు తక్కువ అంటే సెకండ్ హ్యాండ్ మంచి డీఎస్ఎల్ఆర్ ఇప్పటికీ గౌరవంగా పని చేస్తుంది. ఒక్క బ్యాటరీ సంగతే చూడండి. డి7200కి కంపెనీ లెక్క ప్రకారం ఒక ఛార్జింగ్‌కి 1,110 ఫొటోలు వస్తాయి. చిన్న మిర్రర్‌లెస్‌లకి మూడు నాలుగు వందలే.

సెకండ్ హ్యాండ్ కొంటే ఇవి చూడండి

ముందు షట్టర్ కౌంట్. ఎంట్రీ లెవెల్ బాడీల షట్టర్ సుమారు లక్ష క్లిక్కులు, మధ్య స్థాయివి లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా వస్తాయని లెక్క. ఒక పెళ్లికి 2,500 క్లిక్కులు కొట్టారనుకుంటే 40 పెళ్లిళ్లకే లక్ష పూర్తవుతుంది. "ఒక్క సీజన్ మాత్రమే వాడాను" అని అమ్మేవాడు చెప్తే ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. నికాన్‌లో ఒక జేపెగ్ ఫొటో తీసి అందులోని సమాచారం చూస్తే కౌంట్ తెలుస్తుంది. చాలా కేనన్ మోడళ్లలో ఫొటోలో ఉండదు, కెమెరాని ల్యాప్‌టాప్‌కి పెట్టి వేరే సాఫ్ట్‌వేర్‌తో చూడాలి.

తర్వాత లెన్స్. వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనపడితే అది ఫంగస్, ధర ఎంత తగ్గించినా వద్దు. చిన్న దుమ్ము రేణువులు ఒకటీ రెండూ ఉంటే భయం లేదు. ఎఫ్/16 పెట్టి ఆకాశాన్నో తెల్ల గోడనో ఒక ఫొటో తీయండి. సెన్సర్ మీద ఉన్న మచ్చలన్నీ అందులో బయటపడతాయి.

చివరగా బిల్లు. బిల్లు మీద ఉన్న సీరియల్ నంబర్, బాడీ కింద ఉన్న నంబర్ ఒకటే అయ్యుండాలి. బిల్లు లేకుండా తక్కువకి వచ్చే కొత్త పీస్ ఉందంటే దాని పెట్టె చూడండి. దిగుమతి చేసిన సంస్థ పేరు, చిరునామా, ఎంఆర్పీ ఉన్న స్టిక్కర్ లేకపోతే అది గ్రే మార్కెట్ సరుకు కావచ్చు. దానికి ఇక్కడ వారంటీ దొరకడం కష్టం. ఆ మిగిలిన నాలుగైదు వేలు ఒక్క రిపేర్‌కి సరిపోవు. పైగా ఆ రిపేర్ కోసం విజయవాడో హైదరాబాదో తిరగాలి.

మన దుమ్ము మామూలు దుమ్ము కాదు

కెమెరా రివ్యూలన్నీ ఏసీ గదుల్లో కూర్చుని రాసినట్టు ఉంటాయి. వాటిలో పిడుగురాళ్ల ఉండదు, రెంటచింతల ఉండదు.

పిడుగురాళ్ల సున్నం బట్టీల వైపు వెళ్లొస్తే బ్యాగు మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. కాల్చిన సున్నానికి తడి తగిలితే ఏమవుతుందో ఇంటికి వెల్ల వేసిన ఎవరినడిగినా చెప్తారు: వేడెక్కుతుంది, చెయ్యి పొక్కుతుంది. అలాంటి పొడి లెన్స్ మీద ఉండగా నోటితో హా అని ఆవిరి ఊది చొక్కా అంచుతో తుడిచామంటే, కోటింగ్ మీద తడి సున్నం రుద్దినట్టే. ముందు బ్లోయర్‌తో పొడిగా ఊదాలి, తర్వాత మెత్తటి బ్రష్, ఆ తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డ. ఈ వరస తప్పకూడదు. మిర్చి కళ్లాల్లో తీసొచ్చినా, పెళ్లిలో పసుపు కొట్టే ఫంక్షన్ అయినా ఇదే వరస. తలంబ్రాలు పోసేటప్పుడు లెన్స్‌కి హుడ్ తగిలించి ఉంచండి. బియ్యం గింజల్ని అది చాలావరకు ఆపుతుంది.

దుమ్ములో లెన్స్ మార్చొద్దు. కారంపూడి పల్నాటి వీరుల ఉత్సవమైనా, కోటప్పకొండ తిరునాళ్లయినా జనం తొక్కిడికి లేచే దుమ్ము మోకాళ్ల ఎత్తులో ఆగదు. మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీయగానే సెన్సర్ చాలావాటిలో నేరుగా బయటికి కనపడుతుంది. ఏ లెన్స్ కావాలో ముందే తేల్చుకుని వెళ్లండి. తప్పదంటే కెమెరా ఆపి, మూతి కిందికి పెట్టి, గాలికి వీపు తిప్పి మార్చండి.

ఇక ఎండ. కెమెరా మాన్యువల్ చివరి పేజీల్లో పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు అని రాసి ఉంటుంది. రెంటచింతలలో మే నెలలో 45 దాటడం కొత్త కాదు. ఆ ఎండలో 4కే వీడియో ఏకధాటిగా తీస్తే చిన్న బాడీలు వేడెక్కి ఆగిపోతాయి. అది కెమెరా తప్పు కాదు, దాన్ని తయారు చేసినవాళ్లు చెప్పిన హద్దు మనం దాటాం. తీయని ప్రతి నిమిషం నీడలో పెట్టండి, తెల్లటి పొడి టవల్ కప్పండి. తాళం వేసిన కారులో మాత్రం వదలొద్దు. లోపల వేడి బయటికంటే చాలా ఎక్కువ ఉంటుంది, బ్యాటరీల ఆయుష్షు అక్కడే పోతుంది. సీజన్ అయిపోయాక బ్యాటరీలని నిండా ఛార్జ్ చేసి దాచకండి. సగం ఛార్జ్‌లో ఉంచి కెమెరా నుంచి బయటికి తీసి పెట్టండి.

వానాకాలం వచ్చాక శత్రువు మారుతుంది. గాలిలో తేమ 60 శాతం పైన ఎక్కువ రోజులు ఉంటే లెన్స్‌లో ఫంగస్ పట్టే అవకాశం పెరుగుతుంది. కెమెరా బ్యాగులో పెట్టి బీరువాలో దాచడం దానికి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. గాలి చొరబడని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటర్ ఉంటే చాలు. రెండు వేల లోపు అయిపోతుంది. మీటర్ 40-50 మధ్య ఉంటే మంచిది. నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగిందంటే తేమ నిండిపోయిందని అర్థం. ఎండబెట్టి లేదా వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు, కానీ వంట గిన్నెల్లో మాత్రం వేడి చేయకండి.

కార్డు చిన్నదే, దాని మీద ఉన్నది పెద్దది

మామూలు 4కే వీడియో సెకనుకి 100 మెగాబిట్లు, అంటే 12.5 మెగాబైట్లు. వీ30 అని రాసిన కార్డు సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది. అంతకంటే ఖరీదైన కార్డు చాలామందికి అవసరం లేదు. ఆ డబ్బుతో రెండో కార్డు కొనండి. నకిలీ కార్డులు చాలా తిరుగుతున్నాయి కాబట్టి కొత్త కార్డు ఏదైనా పెళ్లికి తీసుకెళ్లే ముందు ల్యాప్‌టాప్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రాంతో నిండా రాసి, చదివి చూడండి. 128 జీబీ అని రాసి లోపల 32 మాత్రమే ఉన్న కార్డు అక్కడ దొరికిపోతుంది.

ఇంటికి రాగానే రెండు చోట్లకి కాపీ చేయండి. ఒకటి మీ దగ్గర, ఇంకోటి వేరే ఇంట్లో లేదా క్లౌడ్‌లో. ఆల్బమ్ చేతికిచ్చే దాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.

లక్షని ఇలా పంచుకోవచ్చు

రెండు స్లాట్ల సెకండ్ హ్యాండ్ బాడీకి 45 వేలు. 50 ఎంఎం ఎఫ్/1.8కి 10 వేలు. ఒక మంచి జూమ్‌కి 20 వేలు. ఫ్లాష్, ట్రిగ్గర్‌కి 8 వేలు. కార్డులు, అదనపు బ్యాటరీలకి 8 వేలు. డ్రై బాక్స్, బ్లోయర్, గుడ్డలకి 3 వేలు. మిగతా 6 వేలు ముట్టుకోకుండా రిపేర్ కోసం పక్కన పెట్టండి. ఇది నా పంపకం. మీ అవసరాన్ని బట్టి అంకెలు అటూ ఇటూ జరుపుకోండి, బాడీ వాటా మాత్రం సగం దాటనివ్వకండి.

దీనికి ఎదురుగా ఒక వాదన ఉంది, అది తీసిపారేసేది కాదు. "అన్నా, పెళ్లివాళ్లు ముందు ఏ కెమెరా అని అడుగుతారు. ఫుల్ ఫ్రేమ్ అని చెప్పకపోతే పక్క స్టూడియోకి పోతారు." నిజమే, మార్కెట్ అలాగే ఉంది. అలాంటి ఆర్డర్ వచ్చిన రోజుకి ఫుల్ ఫ్రేమ్ బాడీ అద్దెకి తెచ్చుకోండి, అద్దె బిల్లులో కలపండి. ఏడాదికి నాలుగు రోజుల కోసం మూడేళ్ల ఈఎంఐ తలకెత్తుకోవడం ఎందుకు? ఆ నాలుగు రోజులు నలభై అయ్యాయంటే అప్పుడు కొనండి. అప్పటికి ఆ కెమెరా ఈఎంఐ అదే కట్టుకుంటుంది.

పెళ్లి అయిన ఇరవై ఏళ్లకి ఆ ఆల్బమ్ తెరిచినవాళ్లు ఏ బాడీతో తీశారని అడగరు. చనిపోయిన తాతయ్య అక్షింతలు వేస్తున్న ఫొటో ఉందా లేదా అని వెతుకుతారు. అది ఉండేలా చూసుకోవడానికే మీ లక్ష ఖర్చు పెట్టండి.