చెట్టు మీది కాయ, జాడీలోని పచ్చడి



వేసవి రాగానే ఆవకాయ కలిపి జాడీల కెత్తుట మన ఇండ్లలో తరతరాలుగా వచ్చుచున్నదే. ఆ జాడీ ఫోటోను సెల్‌ఫోనులో చూచి హైదరాబాదు నుండి, బెంగుళూరు నుండి ఆర్డర్లు పంపుట మాత్రము ఈ కాలపు విశేషము. కాయను దళారి చెప్పిన ధరకు వదలుకొనుట కంటె ఇది ఎంతో మేలు. అయితే వర్తకములో దిగిన రైతు వర్తకపు చట్టములను కూడ తెలిసికొనవలెను.

కృష్ణా జిల్లాలో నే నెరిగిన రైతు దంపతులు గత వేసవిలో ఈ పని ప్రారంభించిరి. కాగితములన్నియు తానే చూచెదనని ఒకాయన ఆరు వేల రూపాయలు పుచ్చుకొని, ఉద్యం ధ్రువపత్ర మొక్కటి తెచ్చి యిచ్చెను. ఆ పత్రమునకు ప్రభుత్వము ఒక్క పైసా తీసికొనదు. ఆహార రిజిస్ట్రేషను మాట ఆయన ఎత్తనే లేదు. సీసాపై ఆ నంబరు లేనందున అమ్మకపు కంపెనీ సరుకును త్రిప్పి పంపినది. నూరు రూపాయలతో పోవు పని తెలియక ఒక వేసవి వృథా అయినది.

"మేము రైతులము కదండీ, మాకు కూడ లైసెన్సులు కావలెనా?" అని వారు నన్ను అడిగిరి. చెట్టు మీది కాయ కొక న్యాయము, జాడీలోని పచ్చడికి వేరొక న్యాయము. 2006 నాటి ఆహార భద్రతా చట్టము పొలము వద్ద రైతు పండించిన పంటకు వర్తింపదు. సొంత సేద్యపు పంటను అమ్ము రైతు జి.ఎస్.టి. క్రింద రిజిస్టరు కానక్కరలేదు. వ్యవసాయ ఆదాయముపై ఆదాయపు పన్ను లేదు. పసుపును ఉడికించి ఎండబెట్టుట వంటి, సంతకు సిద్ధపరచు పనులు కూడ సేద్యములోనే చేరును. కాని కాయను తరిగి కారము, ఆవపిండి, నూనె కలిపితిమా, అది వర్తకము. దానిపై లాభము వ్యాపారపు ఆదాయము. కనుక పచ్చడి లెక్కను పొలము లెక్కతో కలుపక వేరు పుస్తకములో వ్రాసికొనుడు.

ఇక చేయవలసిన పనులు. మొదట ఆహార భద్రతా సంస్థ వద్ద రిజిస్ట్రేషను. చిన్న ఉత్పత్తిదారులకు ఫీజు ఏడాదికి 100 రూపాయలు. వచ్చిన 14 అంకెల నంబరును లేబులుపై అచ్చు వేయవలెను. దానితోపాటు 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనల ప్రకారము పేరు, చిరునామా, నికర తూకము, తయారైన నెల, సంవత్సరము, గరిష్ఠ ధర, ఫిర్యాదులకు ఫోను నంబరు ఉండవలెను. శాకాహారమని తెలుపు ఆకుపచ్చ గుర్తును మరువరాదు.

రెండవది జి.ఎస్.టి. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. సరుకుల అమ్మకము ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల రూపాయలు దాటువరకు రిజిస్ట్రేషను అక్కరలేదు. పెద్ద ఆన్‌లైను కంపెనీల ద్వారా అమ్మువారికి కూడ 2023 అక్టోబరు 1 నుండి ఈ సడలింపు కలదు; జి.ఎస్.టి. పోర్టలులో నమోదు నంబరు మాత్రము తీసికొనవలెను. కాని ఇదంతయు సొంత రాష్ట్రములో అమ్మినంతవరకే. పార్సెలు ఎల్లలు దాటినచో మొదటి రూపాయి నుండియే రిజిస్ట్రేషను తప్పదు. 2014 జూన్ 2 తరువాత గుంటూరుకు హైదరాబాదు పొరుగు రాష్ట్రమే కదా!

ఈ నిబంధన చిన్నవారికి భారమని నా అభిప్రాయము. హస్తకళల సరుకులకును, సేవలకును పరిమితికి లోబడి రాష్ట్రాంతర అమ్మకములో 2017లోనే మినహాయింపు లభించినది. బుట్ట అల్లిన చేతికి దొరకిన వెసులుబాటు ఆవకాయ కలిపిన చేతికి ఏల దొరకరాదు? రైతు సంఘములు ఈ విషయమును పైవారి దృష్టికి తేవలెను. చట్టము మారువరకు మాత్రము దానిని పాటించుటయే క్షేమము.

గ్రామాధికారులకు ఒక మనవి. ఏ పత్రమునకు ఎంత ఫీజో, దేనికి ఫీజు లేదో కార్యాలయపు గోడపై వ్రాయించుడు. ఆ నాలుగు పంక్తులు అనేక కుటుంబములను మధ్యవర్తుల బారినుండి కాపాడును.

విత్తుటకు ముందు దుక్కి సిద్ధము చేసికొనుట మనకు తెలిసినదే. మొదటి పార్సెలు కట్టుటకు ముందు కాగితములు సిద్ధము చేసికొనుట కూడ అట్టిదే.