తుపాకీ లైసెన్సులు - విక్రేతల పాత్ర

భారతదేశంలో తుపాకీ కొనుటకు '''ఆయుధాల చట్టం, 1959''' క్రింద లైసెన్సు ఉండవలెను. ఉదాహరణకు శ్రీకాకుళం జిల్లా పొందూరు రైతు పంట రక్షణకు తుపాకీ కోరినచో, జిల్లా కలెక్టరు పోలీసు నివేదిక తెప్పించుకొని నిర్ణయిస్తారు. 13వ సెక్షను ఇందుకు మూతి నుండి మందు కూరే తుపాకీని పేర్కొన్నది. అది చాలదని తోచినచో కలెక్టరు గొట్టంలో గాడులు లేని మరొక రకం తుపాకీకి అనుమతి ఇవ్వవచ్చును.

చిక్కు దుకాణం వద్ద వచ్చును. అడవిపందుల బెడద ఎంత నిజమైనా, ఈ మినహాయింపు ఇచ్చే అధికారం విక్రేతకు లేదు. లైసెన్సులో వ్రాసిన రకమే అమ్మవలెను. 5వ సెక్షను క్రింద పొందిన అతని సొంత లైసెన్సు పోగలదు గనుక, అనుమానం కలిగినచో కొనుగోలుదారును కలెక్టరు కార్యాలయానికే త్రిప్పి పంపుట సబబే. రైతుకు మాత్రం మరొక ప్రయాణం తప్పదు. 2019 సవరణతో సాధారణ లైసెన్సుదారుల పరిమితి మూడు నుండి రెండు తుపాకులకు తగ్గినది.