కారణం రాయని ఉత్తర్వు

వియత్నాం యుద్ధం 1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనంతో ముగిసింది. 58 వేలకు పైగా అమెరికా సైనికులు అందులో మరణించారు. వియత్నాం ప్రభుత్వం 1995లో వెల్లడించిన అంచనా ప్రకారం అక్కడి సామాన్య పౌరులే సుమారు 20 లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. ఇంతటి యుద్ధాన్ని అమెరికా చట్టసభ ఎన్నడూ లాంఛనంగా ప్రకటించలేదు. టోంకిన్ సింధుశాఖలో తమ నౌకలపై 1964 ఆగస్టు 2న, మళ్లీ 4న దాడి జరిగిందని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట మీద సెనేటు 88-2 ఓట్లతో అధ్యక్షుడు జాన్సన్‌కు సర్వాధికారాలు కట్టబెట్టింది. ఆగస్టు 4 నాటి దాడి అసలు జరగనే లేదని తరువాత తేలింది.

యుద్ధానికి మనుషులు కావాలి. విశ్వవిద్యాలయాల్లో చదివే కలిగినవారి పిల్లలకు వాయిదా దొరికేది. పేదల పిల్లలకు, నల్లజాతి యువకులకు పిలుపు వచ్చేది. ముహమ్మద్ అలీ 1964లో సైన్యం పెట్టిన రాతపరీక్షలో తప్పారు. 1966లో ఉత్తీర్ణత ప్రమాణాన్నే తగ్గించి, ఆయన అర్హుడేనన్నారు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో పేరు పిలిచినప్పుడు ఆయన అడుగు ముందుకు వేయలేదు. ప్రపంచ చాంపియన్ హోదా పోయింది. జూన్‌లో అయిదేళ్ల జైలు, 10 వేల డాలర్ల జరిమానా పడ్డాయి. అప్పీలు నడుస్తుండగా జైలు తప్పింది గాని, మూడేళ్లకు పైగా బరిలో దిగే అవకాశం లేకపోయింది. క్రీడాకారుని జీవితంలో పాతికేళ్ల వయసు ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

ఈ గాథలో ధైర్యం గురించి అందరూ రాశారు. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు మాత్రం ఆ కేసు కాగితాలే ఎక్కువ ఆసక్తి కలిగిస్తాయి. మినహాయింపు కోరేవారు మూడు విషయాలు రుజువు చేయాలి: ఏ యుద్ధానికైనా విముఖుడై ఉండాలి, ఆ విముఖతకు మతవిశ్వాసం ఆధారం కావాలి, అది నిజాయతీతో కూడినదై ఉండాలి. విచారణ జరిపిన విశ్రాంత న్యాయమూర్తి అలీ నిజాయతీపరుడేనని నమ్మి మినహాయింపునకు సిఫారసు చేశారు. అయినా న్యాయశాఖ ఆయన మూడింటిలో ఒక్కటీ నెరవేర్చలేదని అప్పీలు బోర్డుకు లేఖ రాసింది. బోర్డు దరఖాస్తును తిరస్కరించింది. ఎందుకో రాయలేదు.

కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి మూడింటిలో రెండు కారణాలు నిలవవని ప్రభుత్వ న్యాయవాదులే ఒప్పుకున్నారు. బోర్డు దేనిని ఆధారం చేసుకుందో ఉత్తర్వులో లేదు. నిలవని కారణం మీదే తిరస్కరించి ఉండవచ్చు. కనుక శిక్ష చెల్లదని 1971 జూన్ 28న ఎనిమిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. యుద్ధం న్యాయమో అన్యాయమో కోర్టు పలకలేదు. అలీ ఏనాడో వదిలేసిన క్లే అన్న పేరుతోనే ఆ తీర్పు నేటికీ గ్రంథాల్లో ఉంది. ఏ దరఖాస్తు తిరస్కరించినా కారణం రాతపూర్వకంగా అడగమని మా పాఠకులను విసిగించడం ఇందుకే.

సరిగ్గా రెండు రోజుల తరువాత, జూన్ 30న, అదే న్యాయస్థానం 6-3 తేడాతో మరో తీర్పు ఇచ్చింది. రక్షణమంత్రి మెక్‌నమారా 1967లో తయారు చేయించిన రహస్య చరిత్రను, 47 సంపుటాలు, దాదాపు 7,000 పుటలు, పత్రికలు ప్రచురించుకోవచ్చని అంది. యుద్ధం గురించి ప్రభుత్వాలు లోపల ఒకటి అనుకుంటూ ప్రజలకు మరొకటి చెబుతూ వచ్చాయని ఆ పుటలు బయటపెట్టాయి. అవీ ప్రభుత్వ సిబ్బంది స్వహస్తాలతో రాసిన కాగితాలే.

1977 జనవరి 21న, పదవి చేపట్టిన మరునాడే, అధ్యక్షుడు కార్టర్ నిర్బంధ సైనిక నియామక చట్టాన్ని ధిక్కరించిన వారికి క్షమాభిక్ష ప్రకటించారు. అలీకి దాని అవసరం లేకపోయింది. ఆ ప్రకటన వర్తించే కాలం ఏ తేదీ నుంచి మొదలవుతుందో అందులోనే రాసి ఉంది: 1964 ఆగస్టు 4.