ఎస్టీ అనే ఒక్క గడి

నంద్యాల దగ్గరి తండాలో డిగ్రీ చదివే సుగాలి అమ్మాయి, ఆళ్లగడ్డ దాటాక అహోబిలం అడవి అంచున బడి మానేసిన చెంచు పిల్లోడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పట్టికల్లో ఇద్దరిదీ ఒకటే గడి: ఎస్టీ. కలిపి సగటు తీస్తే ఆ పిల్లోడి ఆకలి మాయం.

2002లో మొదలైన 'యంగ్ లైవ్స్' పరిశోధన 3,000 మంది పిల్లల బతుకులను ఏళ్ల తరబడి గమనించింది. మంచి పనే. కానీ సీమ నుంచి అనంతపురం, కడప తీసుకున్నారు. మనం అప్పుడున్న కర్నూలు జిల్లా అందులో లేదు.

చెంచులను పీవీటీజీగా గుర్తించింది ప్రభుత్వమే. మరి లెక్కల్లో వేరే గడి ఏది? తక్కువ మంది, శాంపిల్‌కు చాలరంటారు. చాలకపోతే గూడేల్లో ఇంటింటికీ తిరగండి, ఓట్లకు తిరగడం లేదా! టీచర్లూ, సర్వేకు వచ్చినవాళ్లను తెగలవారీగా అచ్చు వేయమని అడగండి. ఆ లెక్క ముందు గూడెంలోనే చదివి వినిపించాలి.