నెట్ పోయినా కబురు పోకూడదు

తుపాన్ల కాలం వచ్చేసింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీద ఒక కన్ను వేసి ఉంచక తప్పదు. ఈ వేళ వీధివీధిన ఫైబర్ కనెక్షన్లు ఇస్తున్న చిన్న ఆపరేటర్లకూ, వారి చందాదారులకూ ఒక హెచ్చరిక చేయాల్సి ఉంది. లైను తెగితే రెండు రోజులకో మూడు రోజులకో అతుకుతారు. తెగిందన్న కబురు సరైన మనిషి నుంచి రాకపోతే జరిగే నష్టాన్ని మాత్రం ఎవరూ అతకలేరు.

ఎలాగో చూడండి. గోడకున్న పెట్టెలో ఎర్ర లైటు మిణుకుమంటుంది. కేబుల్ అబ్బాయి ఫోన్ ఎత్తడు. స్తంభం దగ్గర వానలో తడుస్తూ పని చేస్తున్నవాడు ఎత్తలేడు కూడా. ఆఫీసు నంబరు ఎంతసేపటికీ బిజీ. ఇంట్లో అమ్మాయి పరీక్ష దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. తండ్రి మొబైల్ డేటా పెట్టుకుని ‘కస్టమర్ కేర్’ అని వెతికి, అన్నిటికన్నా పైన కనబడ్డ నంబరుకు ఫోన్ చేస్తాడు. అవతలి గొంతు ఎంతో మర్యాదగా పలుకుతుంది. ‘కంప్లయింట్ నమోదుకు పది రూపాయలు కట్టండి సార్’ అంటూ ఒక లింకు వస్తుంది. లేదంటే మన ఫోన్ తెర అతనికి కనబడేలా చేసే యాప్ వేసుకోమంటాడు. ఆ తర్వాత ఓటీపీలన్నీ అతని కళ్లముందే. అసలు ఆపరేటర్ నోరు విప్పని ఆ గంటలో దొంగ నోరు విప్పాడు. ఖాతా ఖాళీ కావడానికి ఆ గంట చాలు.

లైను పోవడానికి తుపాను ఒక్కటే కారణం కానక్కర్లేదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఘోరం తర్వాత విద్యుత్ స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను సిబ్బంది కత్తిరించారు. నగరంలో చాలాచోట్ల ఇంటర్నెట్ ఆగింది. వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. స్తంభాల మీద ఎవరికెంత హక్కుందో తేల్చాల్సింది కోర్టులే. కానీ లైను ఎందుకు పోయిందో, ఎప్పటికి వస్తుందో చందాదారుకు చెప్పడానికి ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తర్వాత కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి మూగబోయాయి. అయినవాళ్ల క్షేమం తెలియక దూరాన ఉన్నవాళ్లు పడ్డ వేదన ఉత్తరాంధ్ర మరిచిపోలేదు. పైగా అప్పటికన్నా ఇప్పుడు మన బతుకు ఇంటర్నెట్‌కు ఎక్కువగా ముడిపడింది. కిరాణా కొట్టు చెల్లింపూ, ఇంటి నుంచి చేసే ఉద్యోగమూ, విదేశాల్లోని పిల్లలతో మాటా అన్నీ ఆ సన్నని గాజు పోగు మీదే నడుస్తున్నాయి.

అందుకే ఆపరేటర్లకు చెబుతున్నాం. లైను పోయిన వెంటనే నాలుగు మాటలు పంపండి. ఏం జరిగింది, ఏయే వీధుల్లో, ఎప్పటికి బాగవుతుంది, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతాం. బాగయ్యే వేళ తెలియకపోతే ‘ఇంకా తెలియదు, సాయంత్రం 6 గంటలకు చెబుతాం’ అనండి, ఆ 6 గంటలకు తప్పకుండా చెప్పండి. పది నిమిషాల్లో వస్తుందని పొద్దుటి నుంచి పదిసార్లు చెప్పేవాడి మాట పదకొండోసారి నిజమైనా ఎవరూ నమ్మరు.

ఆగిపోయిన నెట్ మీదే కబురు పంపితే అది ఎవరికి చేరుతుంది? వాట్సాప్ గ్రూపు ఒక్కటే చాలదు. ఎస్ఎంఎస్ ఉండాలి. ఒకేసారి అందరికీ ఎస్ఎంఎస్ పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థ పేరునూ సందేశపు నమూనానూ ముందే నమోదు చేయించుకోవాలి. గాలివాన మొదలయ్యాక ఆ పని కాదు, ఈ వారమే చేయించండి. ఆఫీసు తలుపుకు ఒక బోర్డూ, ఫోన్ దగ్గర ఒక మనిషీ ఉంచండి.

ఇంకో సంగతి. కనెక్షన్ ఇచ్చేటప్పుడు తీసుకున్న ఆధార్ నకళ్లు, ఫోటోలు, ఫోన్ నంబర్లు మీ దగ్గరున్నాయి. అవి దొంగల చేతిలో పడితే, వాళ్లు చందాదారును పేరు పెట్టి పిలిచి మరీ మోసం చేస్తారు. సైబర్ దాడి గురించి తెలిసిన 6 గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ ఆదేశాలు చెబుతున్నాయి. వ్యక్తిగత డేటా బయటపడితే ఆ వ్యక్తులకూ చెప్పాలని 2023 నాటి డేటా పరిరక్షణ చట్టం అంటోంది. పరువు పోతుందని దాచిపెడితే పోయేది మీ చందాదారుల సొమ్ము.

చందాదారులారా, మీరూ వినండి. వెతుకులాటలో దొరికిన నంబరును నమ్మకండి. కంప్లయింట్ నమోదుకు డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఏ యాప్ ఫైలునూ తెరవకండి. మీకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. సొమ్ము చేతులు మారకముందే ఆపించాలంటే ప్రతి నిమిషమూ విలువైనదే. తెగిపడిన కేబుల్‌ను చేత్తో తీయబోకండి. గాజు పోగులో కరెంటు ఉండదు గానీ, దాన్ని మోసే ఇనుప తీగ కరెంటు లైనుకు తగిలి ఉండొచ్చు. 1912కి చెప్పి, సిబ్బంది వచ్చేదాకా పిల్లల్ని అటు పోనివ్వకండి.

ఈ జాగ్రత్తల్లో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. అన్నిటికన్నా తేలికైన పని ఒకటుంది. ఆపరేటరు తన అసలు నంబరు ముద్రించిన చిన్న స్టిక్కరును ప్రతి ఇంట్లో గోడకున్న ఆ పెట్టె మీదే అతికించాలి. అతను రాకపోతే మీరే బిల్లు చూసి కాగితం మీద రాసి అంటించండి. ఎర్ర లైటు వెలిగినప్పుడు ఇంటిల్లిపాదీ ముందుగా చూసేది అటువైపే. వెతకాల్సిన అవసరం లేకుండా అసలు నంబరు అక్కడే కనబడాలి.